భద్రతా దర్పణం : కొండ అంచున గాలి విసురు

ఈ శీర్షికలో ఇంతవరకు యంత్రాల గూర్చి, నిచ్చెనల గూర్చి, వంటగ్యాసు గూర్చి, ద్విచక్ర వాహనాల గూర్చి ముచ్చటించుకొన్నాము. ఈ నెల విషయం కొంత వేరుగా ఉన్నది. సూరత్‌లోని మన ఉద్యోగుల నివాసాల నుంచి ఒక సోదరి మాకు ఇలా వ్రాశారు: "మా అబ్బాయి కళాశాల మిత్రులతో కలిసి సాపుతారా వెళ్ళి పారాగ్లైడింగ్ చేస్తానంటున్నాడు. గాలి బాగా వీచే రోజైతే ఇంకా బాగా ఎగురవచ్చునని వాడి వాదన. అది నిజమేనా? వాణ్ణి పంపవచ్చునా?"

ఇందులో రెండు ప్రశ్నలు ఉన్నవి. మొదటిదానికి సమాధానం: సగం నిజం. ఆ మిగిలిన సగం తెలియకపోవడం వల్లనే ఇంజనులేని విమానాలలోను, గుడ్డ రెక్కలతోను ఎగిరేవారు కొండల దగ్గర ప్రమాదాలకు లోనవుతూ ఉంటారు. రెండవ ప్రశ్నకు మేము ఇక్కడ కూర్చొని సమాధానం చెప్పలేము. ఆనాటి గాలిని చూసి, ఆ కొండ అంచున నిలబడి, ఆ అబ్బాయే చెప్పుకోవలసి ఉంటుంది. అందుకు కావలసిన తెలివిడిని మాత్రం ఈ పుటలలో అందించగలము. సెలవులలో పిల్లలను కొండ ప్రదేశాలకు పంపే తల్లిదండ్రులు అనేకులు మన సంస్థలో ఉన్నారు కనుక ఇది అందరికీ పనికివచ్చే విషయమే.

కొండ ఎత్తి పట్టే విధం

గ్లైడర్‌కు ఇంజను ఉండదు. తొక్కకుండా వాలు మీదికి వదిలిన సైకిలు ఎట్లా దిగుతూ ముందుకు పోతుందో, గ్లైడర్ కూడా చుట్టూ ఉన్న గాలిలో ఎల్లప్పుడూ క్రిందికి జారుతూనే ముందుకు సాగుతుంది. శిక్షణకు వాడే గ్లైడర్ సెకనుకు సుమారు 1 మీటరు లోపునే దిగుతుంది. కొండ మీదినుంచి ఎగిరే పారాగ్లైడర్, అంటే గుడ్డతో చేసిన రెక్క, సెకనుకు 1 మీటరు కంటె కొంచెం ఎక్కువ దిగుతుంది. చుట్టూ ఉన్న గాలి అంతకంటె వేగంగా పైకి లేస్తూ ఉంటే, గ్లైడర్ ఆ గాలిలో దిగుతూనే నేల నుంచి చూసేవారికి పైకి పోతున్నట్లు కనబడుతుంది.

గాలి పైకి ఎప్పుడు లేస్తుంది? ఎండకు వేడెక్కిన నేల మీద లేస్తుంది. పొడవైన కొండ వరుసకు ఎదురుగా గాలి వీచినప్పుడు, దారి లేక వాలు వెంబడి పైకి మళ్ళుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 8 మీటర్లకు పైమాట. నిటారుగా ఉన్న నున్నని వాలుకు అది నేరుగా తగిలినప్పుడు, అందులో సెకనుకు 2 లేక 3 మీటర్ల వేగం పైకి మళ్ళడం సాధారణం. గ్లైడర్ దిగే వేగం కంటె అది రెట్టింపునకు పైగా ఉన్నది. కనుకనే కొండ ముందు అటూ ఇటూ తిరుగుతూ గంటల తరబడి నిలువవచ్చును.

ఈ రహస్యం మనకంటె ముందు పక్షులకు తెలుసు. సముద్రపు గాలి వీచే సాయంత్రం విశాఖపట్నంలో కైలాసగిరి అంచున నిలబడి చూసినవారికి, రెక్క ఆడించకుండా ఒకేచోట వ్రేలాడదీసినట్లు నిలిచే గద్దలు పరిచయమే. మానవులలో ఈ విద్యను తొలిసారి గట్టిగా నిరూపించినవాడు ఆర్విల్ రైట్. విమానం కనిపెట్టిన తరువాత కూడా ఆయన మరల గ్లైడర్‌తో అమెరికాలోని కిటీ హాక్ ఇసుక తిన్నెలకు వెళ్ళి, 1911 అక్టోబరు 24న బలమైన ఎదురుగాలిలో 9 నిమిషాల 45 సెకన్లపాటు ఆకాశంలో నిలిచాడు. తరువాత సుమారు పదేళ్ళపాటు ఆ రికార్డును ఎవరూ దాటలేదు.

మన దేశంలోనూ ఈ విద్యకు మంచి చరిత్ర ఉన్నది. పౌర విమానయాన శాఖ సాంకేతిక విభాగంలో మన ఇంజనీర్లు స్వయంగా గ్లైడర్లను రూపొందించారు. వాటికి పెట్టిన పేర్లు చూడండి: అశ్విని, భరణి, కార్తిక్, రోహిణి, మృగశీర్ష. మన పంచాంగంలోని నక్షత్రాలే. 1958లో అశ్విని, 1961లో రోహిణి మొదటిసారి ఎగిరాయి. శిష్యుడు, గురువు ప్రక్కప్రక్కన కూర్చొనే రోహిణిలో ఎందరో యువకులు, ఎన్.సి.సి. క్యాడెట్లు తొలి పాఠాలు నేర్చారు.

కనుక అబ్బాయి వాదనలో సగం నిజమే. గాలి లేకపోతే కొండ ఎత్తదు. ఇక రెండవ సగానికి వద్దాము.

డాబా మీద నేర్చుకొన్న పాఠం

సూరత్‌లో ఉన్నవారికి గాలి గూర్చి మేము ప్రత్యేకంగా బోధించనక్కరలేదు. జనవరి 14న ఉత్తరాయణ పండుగనాడు ఈ నగరంలో ఇంట్లో ఉండేవారు అరుదు. గుజరాతీ మిత్రులు అగాసీ అని పిలుచుకొనే డాబాల మీదనే ఆ దినం గడుస్తుంది. లింబాయత్ వంటి పేటలలో స్థిరపడిన మన తెలుగు నేతకుటుంబాలకు కూడా సంక్రాంతి అంటే ఇప్పుడు ముగ్గుతో పాటు గాలిపటమే.

ఆ డాబా మీద ప్రతి పిల్లవాడు గమనించే విషయం ఒకటి ఉన్నది. గాలి వచ్చే వైపున అడ్డం లేకుండా ఉన్న డాబా నుంచి పటం సులువుగా లేస్తుంది. గాలి వచ్చే వైపున మరొక ఎత్తయిన భవనం ఉంటే మాత్రం పటం లేచినట్లే లేచి, గిరగిర తిరిగి, ముక్కు క్రిందికి పెట్టి పిట్టగోడకు కొట్టుకొంటుంది. దారం ఎంత లాగినా ప్రయోజనం ఉండదు. ఆ భవనపు ఎత్తును దాటి స్వచ్ఛమైన గాలి అందుకొన్న తరువాత మరల నిలకడగా నిలుస్తుంది.

ఆ పటానికి జరిగినదేమిటి? గాలి భవనం మీదుగా దాటి వచ్చి, వెనుక వైపున క్రిందికి దూకి, సుడులు తిరుగుతుంది. ఏటిలో బండకు ముందు నీరు ఎత్తుగా లేచి, బండ వెనుక సుడిగుండం తిరగడం మనం చూసినదే. నీరు కంటికి కనబడుతుంది, గాలి కనబడదు. అంతే భేదం.

కొండ కూడా పెద్ద భవనమే. పాఠశాల భూగోళంలో పవనాభిముఖ దిశ, పవన పరాఙ్ముఖ దిశ అని మనం చదువుకొన్నాము. అక్కడ వర్షం గూర్చి చెప్పినది ఇక్కడ ఎగరడానికీ వర్తిస్తుంది. గాలికి ఎదురుగా ఉన్న వాలు ఎత్తుతుంది. గాలికి వీపుగా ఉన్న వాలు క్రిందికి నెడుతుంది, సుడులలో త్రిప్పుతుంది. ఆ సుడుల ప్రభావం కొండ ఎత్తునకు ఎన్నో రెట్ల దూరం వెనుకకు సాగవచ్చును. కొండకు వెనుక ప్రశాంతంగా కనబడే పచ్చని మైదానం మీదికి పోయిన గ్లైడర్‌కు అక్కడ సెకనుకు పలు మీటర్ల వేగంతో దిగే గాలి ఎదురుకావచ్చును. కొండను మరల దాటి ముందుకు రావడానికి ఎత్తు చాలదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. కొండ శిఖరం మీదుగా దాటే గాలి అక్కడ కుంచించుకొని వేగం పుంజుకొంటుంది. రెండు కొండల నడుమ కనుమలో ఇంకా వేగంగా వీస్తుంది. గొట్టం సన్నబడిన చోట నీటి వేగం పెరగడం మన కర్మాగార సోదరులకు తెలిసినదే. పారాగ్లైడర్ గాలిలో సాధారణంగా గంటకు 35 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో మాత్రమే పోగలదు. మొదలుపెట్టిన చోట గాలి 25 ఉన్నా, శిఖరం మీద అది 40 అయితే ఆ రెక్క ముందుకు కదలలేదు. ఇంకా పెరిగితే వెనుకకు, అంటే సుడుల వైపునకు, కొట్టుకొనిపోతుంది. "గాలి బాగా వీచే రోజు" అన్న మాటలోని మొదటి ఆపద ఇదే.

సరాసరి చెప్పని సంగతి

రెండవ ఆపద గాలి విసురు. వాతావరణ వార్తలలో గాలి వేగం గంటకు 25 కిలోమీటర్లు అని చెప్పినప్పుడు అది సరాసరి. వీధిలో నిలబడి చూస్తే గాలి అట్లా సమంగా రాదు. కాసేపు 15, కాసేపు 25, ఉన్నట్టుండి 40. సరాసరి మూడు అడుగుల లోతున్న ఏటిలో కూడా నిలువు మించిన మడుగులు ఉంటాయన్న సంగతి మరువరాదు.

గాలి ఒత్తిడి దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగు రెట్లు. 25 నుంచి 40కి పెరిగిన విసురులో వేగం ఒకటిన్నర రెట్ల కంటె కొంచెమే ఎక్కువ. ఒత్తిడి మాత్రం రెండున్నర రెట్లు. క్రేన్లతోను, సారవలతోను పనిచేసే మన సోదరులకు ఈ లెక్క కొత్త కాదు. పెద్ద రేకును పైకెత్తేటప్పుడు సరాసరి గాలిని కాక విసురును చూసి పని ఆపడం అందుకొరకే.

విసురు వచ్చినప్పటి కంటె అది ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు గ్లైడర్‌కు ఎక్కువ ప్రమాదం. దీనిని ఒక ఉదాహరణతో చూద్దాము. ఒక గ్లైడర్ గాలిలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. ఎదురుగాలి 30. కనుక నేల మీద దాని నీడ 50 వేగంతో కదులుతూ ఉంటుంది. ఇప్పుడు ఎదురుగాలి హఠాత్తుగా 10కి పడిపోయినదనుకొందాము. గ్లైడర్ బరువైన వస్తువు. దాని నేల వేగం ఒక్క క్షణంలో మారదు, 50గానే ఉంటుంది. గాలిలో దాని వేగం మాత్రం 50కి 10 కలిపితే 60కి దిగిపోతుంది. రెక్కను నిలబెట్టేది నేల వేగం కాదు, గాలిలో వేగమే. చాల శిక్షణ గ్లైడర్లకు 60, 65 ప్రాంతంలోనే స్టాల్, అంటే రెక్క తన పట్టు విడిచే స్థితి, వస్తుంది. పైలట్ ఏ పొరపాటూ చేయకుండానే, ఒక క్షణం క్రితం క్షేమంగా ఉన్న గ్లైడర్ జారిపడే స్థితికి చేరుకొన్నది.

ఎత్తులో ఉంటే ముక్కు కొంచెం దించి, వేగం పుంజుకొని తేరుకోవచ్చును. కొండ వాలుకు ముప్ఫై నలభై మీటర్ల దూరంలో ఉంటే అందుకు చోటు లేదు.

మలుపు తిరుగుతున్నప్పుడు ఇది మరింత విషమిస్తుంది. రెక్కను 45 డిగ్రీలు వాల్చి తిరిగేటప్పుడు రెక్క మోయవలసిన భారం 1.4 రెట్లు అవుతుంది. 60 దగ్గర వచ్చే స్టాల్ 71 దగ్గరనే వస్తుంది. 60 డిగ్రీలు వాల్చితే భారం రెట్టింపై, స్టాల్ 85 దగ్గరకు జరుగుతుంది. కొండ దగ్గర విసురు గాలిలో నిటారు మలుపు ఎందుకు కూడదో ఈ మూడు అంకెలే చెబుతాయి.

పారాగ్లైడర్ సంగతి ఇంకొక రకం. దాని రెక్కలో కర్రా లేదు, లోహమూ లేదు. లోపల నిండిన గాలి ఒత్తిడియే దానికి ఎముకలు. సుడిగాలి తగిలినప్పుడు రెక్కలో ఒక ప్రక్క చొక్కా చేయిలాగా ముడుచుకొనిపోవచ్చును. ఎత్తు ఉంటే అది చాలవరకు మరల తెరుచుకొంటుంది. నేలకు దగ్గరలో అందుకు వ్యవధి ఉండదు. అత్యవసర పారాచూట్ తెరుచుకోవడానికి కూడా కొంత ఎత్తు కావాలి.

ఒక మహనీయుని పతనం

ఈ పాఠం మానవజాతి చాల ఖరీదుకు కొనుక్కొన్నది. జర్మనీకి చెందిన ఒట్టో లిలియంథాల్ మన వంటి ఇంజనీరే; యంత్రాల తయారీ ఆయన వృత్తి. పక్షుల రెక్కలను ఏళ్ళ తరబడి పరిశీలించి, కొలిచి, పట్టికలు వ్రాసి, 1891 నుంచి తాను చేసిన గ్లైడర్లతో కొండల మీదినుంచి ఎగిరాడు. సుమారు 2000 సార్లు ఎగిరినవానిని అనుభవం లేనివాడు అనలేము. 1896 ఆగస్టు 9న బెర్లిన్‌కు పశ్చిమోత్తరంగా ఉన్న కొండల వద్ద ఎగురుతుండగా, గాలి మారి గ్లైడర్ ముక్కు పైకి లేచి, వేగం నశించి, సుమారు 15 మీటర్ల ఎత్తునుంచి కూలిపోయింది. వెన్ను విరిగి మరునాడు ఆయన కన్నుమూశాడు.

ఆ మరణవార్త చదివిన తరువాతనే రైట్ సోదరులలో విమాన విద్య పట్ల ఆసక్తి మరల చిగురించినది. లిలియంథాల్ తన శరీరాన్ని అటూ ఇటూ వంచి మాత్రమే గ్లైడర్‌ను అదుపు చేసేవాడు. విసురు గాలిలో ఆ పద్ధతి చాలదని గ్రహించిన ఆ సోదరులు రెక్కలను, చుక్కానులను కదిలించి అదుపు చేసే ఉపాయం వెదికారు. నేటి ప్రతి విమానంలోను ఆ ఉపాయమే ఉన్నది. ఒక ప్రమాదాన్ని విధి అని వదిలివేయక కారణం వెదకడం ఎంతటి ఫలితం ఇస్తుందో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తోచదు. లిలియంథాల్‌ను పడదోసినది తుపాను గాలి కాదు. ఒక చిన్న మార్పు. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంలో వచ్చినందువల్ల అది ప్రాణం తీసినది.

కొండ దగ్గర పాటించే నియమాలు

ఈ నూరేళ్ళ అనుభవం నుంచి కొండ వాలున ఎగిరేవారు కొన్ని నియమాలు ఏర్పరచుకొన్నారు. ప్రతి దాని వెనుక పైన చెప్పిన కారణమే ఉన్నది.

మొదటిది, మలుపు ఎల్లప్పుడూ కొండకు దూరంగా, గాలికి ఎదురుగా తిరగాలి. కొండ వైపు తిరిగితే గాలి వెనుకనుంచి నెట్టి, అనుకొన్నదానికంటె త్వరగా వాలు మీద పడవేస్తుంది. అందుకే కొండ ముందు ఎగిరే గ్లైడర్ దారి పైనుంచి చూస్తే సాగదీసిన ఎనిమిది అంకె వలె ఉంటుంది.

రెండవది, కొండకు ఎంత దగ్గరైతే అంత వేగం అదనంగా ఉంచుకోవాలి. తల పైకి ఎత్తి, నెమ్మదిగా పోతే ఎక్కువ ఎత్తు దొరుకుతుందన్న ఆశ సహజమే. ఆ అదనపు వేగం బ్యాంకులో దాచుకొన్న డబ్బు వంటిది. విసురు ఆగిన క్షణంలో ఖర్చు పెట్టుకోవడానికి అది చేతిలో ఉండాలి. దిగేటప్పుడు కూడా మామూలు వేగానికి ఎదురుగాలి వేగంలో సగం కలుపుకోవాలని శిక్షకులు నేర్పుతారు. 80తో దిగేవారు 30 గాలిలో 95తో దిగాలన్నమాట. నేల దగ్గరకు వచ్చేకొద్దీ చెట్లు, ఇళ్ళు అడ్డుపడి గాలి వేగం తగ్గుతుంది కనుక ఈ ఏర్పాటు.

మూడవది, శిఖరపు గీత వెనుకకు ఎట్టి పరిస్థితులలోను కొట్టుకొనిపోరాదు. ముందుకు కదలడం మందగించినదని గమనించిన వెంటనే, ఇంకా ఎత్తు ఉండగానే, కొండను విడిచి ముందున్న మైదానం వైపు సాగిపోవాలి.

నాలుగవది, ఎదురెదురుగా ఇద్దరు వచ్చినప్పుడు కొండ ఎవరి కుడిచేతి వైపు ఉన్నదో వారిది దారి. ఎదురైనప్పుడు ఇద్దరూ కుడికి తప్పుకోవడం ఆకాశంలో సాధారణ నియమం. కొండ కుడివైపున ఉన్నవానికి తప్పుకొనే చోటు లేదు. కనుక రెండవవాడే తప్పుకోవాలి.

అయిదవది, దిగవలసిన చోటును ఎగరకముందే ఎన్నుకొని, నడిచి చూడాలి. కొండ ఎత్తడం మానివేసిన తరువాత చోటు వెదకడం, మంటలు లేచిన తరువాత నిప్పునార్పే పరికరం ఎక్కడున్నదని అడగడం వంటిది.

సాపుతారాకు ముఖమెటు, వీపెటు?

సూరత్ తాపీ నది ఒడ్డున చదునైన నేల మీద ఉన్నది. ఇక్కడ కొండ గాలి అనుభవానికి రాదు. ఆగ్నేయంగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, డాంగ్ జిల్లాలో, సహ్యాద్రి పైన దాదాపు 1000 మీటర్ల ఎత్తున సాపుతారా ఉన్నది. పాముల నివాసమని ఆ పేరుకు అర్థం చెబుతారు. మన కుటుంబాలకు అది సమీపంలోని చల్లని విడిది.

అక్కడికి వెళ్ళేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. కొండ కదలకపోయినా దాని ముఖం, వీపు ఋతువును బట్టి మారుతాయి. నైఋతి ఋతుపవన కాలంలో అరేబియా సముద్రం మీదినుంచి వచ్చే గాలికి సహ్యాద్రి పడమటి వాలు ముఖం. అయితే ఆ గాలి వానతో, మబ్బుతో, పెనువిసురులతో వస్తుంది. ఎగరడానికి తగినది కాదు. హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం ఏటా జూలై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పారాగ్లైడింగ్ నిలిపివేయడం ఇటువంటి కారణం చేతనే. శీతకాలంలో గాలి ఉత్తరం నుంచి, ఈశాన్యం నుంచి వీస్తుంది. అప్పుడు అదే పడమటి వాలు కొండకు వీపు కావచ్చును. వర్షాకాలంలో తీసిన ఛాయాచిత్రం చూసి జనవరిలో అదే అంచున నిలబడితే లెక్క తారుమారవుతుంది.

ఒక్క దినంలో కూడా గాలి మారుతుంది. ఉదయం ప్రశాంతంగా ఉన్న వాలు, మధ్యాహ్నం బండలు వేడెక్కిన తరువాత బుడగలు బుడగలుగా వేడిగాలిని పైకి విడుస్తుంది. రెండు బుడగల నడుమ గాలి క్రిందికి దిగుతుంది. కొత్తవారికి ఉదయపు తొలి గంటలు, సాయంత్రపు చివరి గంటలు అనుకూలం. వేసవి చివర ఎక్కడో దూరాన ఉరుము మబ్బు లేస్తే దానినుంచి వెలువడే చల్లని విసురు, వాన మన దాకా రాకముందే వచ్చి తగులుతుంది. మబ్బు ఇంకా దూరంగా ఉన్నదన్న ధైర్యం పనికిరాదు.

ఇంటివారు చూడదగిన గుర్తులు

గాలిని కొలిచే పరికరం అందరి వద్ద ఉండదు. 1805లో ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే నావికాధికారి కంటితో గాలిని అంచనా వేసే పట్టిక తయారుచేశాడు. తరువాతివారు దానిని నేల మీది గుర్తులకు అన్వయించారు. దాని ప్రకారం ఆకులు, చిరుకొమ్మలు ఎడతెగక ఆడుతూ, చిన్న జెండా విచ్చుకొంటే గాలి 12 నుంచి 19 కిలోమీటర్లు. దుమ్ము, కాగితం ముక్కలు లేచి, చిన్న కొమ్మలు ఊగితే 20 నుంచి 28. చిన్న చెట్లు మొత్తంగా ఊగితే 29 నుంచి 38. పెద్ద కొమ్మలు కదలి, తీగలు ఈలవేసి, గొడుగు పట్టడం కష్టమైతే 39 నుంచి 49. దుమ్ము లేచే స్థాయి దాటిన తరువాత కొత్తవారు పారాగ్లైడర్ మీద ఎగరకపోవడమే క్షేమం.

మన కర్మాగారంలో ఎత్తున కట్టిన విండ్‌సాక్ గ్యాసు ఎటు పోతుందో తెలియడానికి ఉద్దేశించినది. ఎగిరే చోట కూడా అది ఉండాలి. ప్రామాణికమైన విండ్‌సాక్ పూర్తిగా అడ్డంగా నిలిచినదంటే గాలి సుమారు 28 కిలోమీటర్లకు చేరినదని అర్థం. దానిని ఒక్కసారి చూసి ఊరుకోరాదు. పది నిమిషాలు కూర్చొని చూడండి. నిలకడగా సగం లేచి ఉంటే మంచిది. ఒకసారి వ్రేలాడి, ఒకసారి బిగుసుకొని, దిక్కు మార్చి కొట్టుకొంటూ ఉంటే సరాసరి ఎంత చెప్పినా ఆ గాలిని నమ్మవద్దు.

పైలట్‌తో కలిసి ఎగిరేవారు అడగవలసినవి కొన్ని ఉన్నవి. ఇప్పుడు గాలి ఎంత, విసురు ఎంత? గాలి వాలుకు ఎదురుగా ఉన్నదా, వెనుకనుంచి వస్తున్నదా? అత్యవసర పారాచూట్ ఉన్నదా? ప్రభుత్వ అనుమతి, బీమా ఉన్నవా? దిగే చోటు ఏది? చివరగా, తల టోపీ, ఛాతీ పట్టీ, రెండు తొడల పట్టీలు కట్టిన తరువాత మరొకరు చేత్తో లాగి చూడాలి. 2024 ఫిబ్రవరిలో కులూ ప్రాంతంలో మన తెలుగు యువతి ఒకరు పారాగ్లైడింగ్‌కు వెళ్ళి, పైనుంచి పడి ప్రాణాలు కోల్పోయారు. రక్షణ పట్టీలను సరిగా పరీక్షించలేదన్నది అప్పుడు అధికారులు చెప్పిన కారణం. గాలి ఎంత అనుకూలంగా ఉన్నా అర నిమిషపు ఆ పరీక్షకు బదులు లేదు.

ఈ ప్రశ్నలకు విసుక్కొనే పైలట్ వెంట ఎగరవద్దు. మంచి పైలట్ వీటిని విని సంతోషిస్తాడు.

సోదరికి మా సమాధానం

అమ్మా, అబ్బాయిని పంపవచ్చును. అనుభవజ్ఞుల చేతిలో, తగిన గాలిలో అది సురక్షితంగా ఆనందించదగిన క్రీడ. పంపేముందు వానితో ఒక మాట చెప్పండి.

కొండ మీద యువకులను ప్రమాదంలోకి నెట్టేది గాలి ఒక్కటే కాదు. "ఇంత దూరం వచ్చాము, డబ్బు ముందే కట్టాము, సాయంత్రం బస్సు ఎక్కాలి, మిత్రులందరూ ఎగిరారు" అన్న తొందర కూడా నెడుతుంది. విసురును కొలిచే పరికరం ఉన్నది గాని, ఈ తొందరను కొలిచే పరికరం ఎవరూ చేయలేదు. దానికి మందు ఇంటి నుంచే వెళ్ళాలి. "ఎగరకుండా తిరిగి వచ్చినా మాకు సంతోషమే, కట్టిన డబ్బు పోయినా ఫరవాలేదు" అని తల్లిదండ్రులు బయలుదేరే ముందే చెప్పి పంపితే, కొండ అంచున నిలబడినప్పుడు ఆ పిల్లవానికి వద్దని చెప్పడం తేలికవుతుంది.

మన కర్మాగారంలో గాలి పెరిగిన దినాన క్రేన్ ఆపరేటర్ బరువును దించి, పనిని మరునాటికి వాయిదా వేస్తాడు. అతణ్ణి ఎవరూ పిరికివాడు అనరు. పని తెలిసినవాడు అంటారు. సాపుతారాలో గాలిని పది నిమిషాలు చూసి, పట్టీలు విప్పి, సరస్సు ఒడ్డున మొక్కజొన్న కంకి తిని ఇంటికి వచ్చిన అబ్బాయికి కూడా మనం ఆ మాటే అనాలి. గాలి రేపు కూడా వీస్తుంది.